లిఫ్టు ఒంటెగారి రెండో మూపురం

ఒంటెకు మూపురాలు ఒకటా రెండా అన్న విషయం మీద మా ఇంట్లో మూడు పార్టీలు ఏర్పడ్డాయి. మా ఆయన ఒకటే అంటారు. అసలు మూపురం లేని ఒంటెలు కూడా ఎక్కడో ఉండే ఉంటాయని, వెతికితే దొరక్కపోవని మా అత్తగారు అంటారు. ఒంటె వేషం కుట్టాల్సింది ఆవిడ. మా పిచ్చుకేమో మామూలు వేళల్లో ఒకటి, బరువెక్కువైనప్పుడు రెండు అంటుంది. నేను ఏ పార్టీలోనూ లేను. కత్తెర నా చేతిలో ఉంది కాబట్టి ఎవరు గెలిచినా చాకిరీ నాదే.

పిచ్చుక మా అమ్మాయి. ఒకటో తరగతి. పళ్ళెంలో ఏం పెట్టినా గింజా గింజా ఏరుకుని తింటుందని మా అత్తగారు పెట్టిన పేరు. బళ్ళో వేరే పేరుంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఇంట్లో ఎవరూ పలకరు, దానితో సహా.

ఇక ఒంటె సంగతి. మా ఆయన లిఫ్టు మెకానిక్. పగలంతా ఎవరెవరో రెండంతస్తుల మధ్య ఇరుక్కుంటే వెళ్ళి దించి, ఇంటికొచ్చి, పిల్ల పక్కన నడుం వాల్చి కథ చెబుతారు. రాజులూ రాక్షసులూ ఆయనకు అంతగా అలవాటు లేదు. తెలిసింది లిఫ్టులే. అందుకని ఆయన కథలో ఒక పొడుగాటి భవనం, అందులో ఒక లిఫ్టు, ఆ లిఫ్టు నడిపే ఒంటె. నీలం టోపీ, మెడలో గంట. లిఫ్టు పైకప్పు కన్నంలోంచి మెడ బయటపెట్టి, మూడో అంతస్తులో ఉండగానే నాలుగో అంతస్తులో ఎవరు నిలబడ్డారో చూసుకుంటారు. జనం మరీ ఎక్కువెక్కితే వీపు మీద రెండో మూపురం లేస్తుంది. అయినా కోప్పడరు. "ఒక్కరు దిగండి, దయచేసి. నేను దిగితే మీరెవరూ ఎక్కలేరు" అంటారు. ఒకరు దిగగానే మూపురం అణిగిపోతుంది, లిఫ్టు కదులుతుంది.

ఆ ఒంటెను "అది" అంటే పిచ్చుక ఊరుకోదు. "అది కాదమ్మా, ఒంటెగారు. ఉద్యోగం చేస్తున్నారు కదా" అంటుంది. ఆ లెక్కన ఇంట్లో ఉండే నన్నేమనాలో నేను అడగలేదు. కొన్ని విషయాలు తేల్చుకోకపోవడమే మేలు.

బళ్ళో "కథల రోజు" పెట్టారు. పిల్లలు ఒక్కొక్కరూ తమకిష్టమైన కథలోంచి ఒకరి వేషం వేసుకుని వేదిక ఎక్కాలి. కింద కూర్చున్న పిల్లలు చూసి అది ఎవరో చెప్పాలి. పిచ్చుక ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నేను లిఫ్టు ఒంటెగారు" అంది. నేను సంతోషించాను. పక్కింటావిడ కూతురికి రెక్కలు కావాలట. అవి మెరవాలట, ఎగరాలట. మాది పాపం నేల మీద నడిచే ప్రాణి.

ఆ సంతోషం మర్నాడు మధ్యాహ్నం దాకానే నిలిచింది. పిచ్చుక బడి నుంచి వచ్చి బూట్లు విప్పకుండా గుమ్మంలోనే కూర్చుంది.

"అమ్మా, ఒంటెగారు లేరట."

"ఎవరన్నారు?"

"లాయరు."

లాయరు అంటే దాని బెంచీలో పక్కన కూర్చునే పిల్ల. మేం పెట్టిన పేరే. ఆ పిల్ల ఏదీ ఊరికే నమ్మదు. రేపు సెలవు అని టీచరు చెప్పినా "ఎవరు చెప్పారు, ఎక్కడుంది" అని అడిగే రకం.

"ఏమందే లాయరు?"

"ఏ పుస్తకంలో ఉన్నారు అంది. పుస్తకంలో లేరు, మా నాన్నకు తెలుసు అన్నాను. పుస్తకంలో లేకపోతే అది కథ కాదు, అబద్ధం అంది. మీ నాన్న నీకు అబద్ధం చెప్పారు అంది." కాసేపు బూటు లేసు ముడి వైపు చూసింది. "అందరికీ తెలుసనుకున్నానమ్మా నేను. వాళ్ళ నాన్నలు కూడా చెబుతారనుకున్నాను."

ఇంతసేపూ ఒంటె వేషం అంటే నాకు గుడ్డా దారమూ అనే అనిపించింది. ఇప్పుడు అందులోకి మా ఆయన పరువు కూడా వచ్చి చేరింది. వేదిక మీద ఈ పిల్ల నిలబడితే, కింద ఒక్కరు కూడా ఎవరో చెప్పలేకపోతే, లాయరు గెలిచినట్టే. పిచ్చుక నాన్న అబద్ధాలకోరు అయినట్టే.

సాయంత్రం మా ఆయనకు విషయం చెప్పాను. ఆయన చేతిలోని స్క్రూడ్రైవరుని అటూ ఇటూ తిప్పి, "బాగా కనబడేట్టు చెయ్యి వేషం, చూడగానే తెలిసిపోవాలి" అని నాకు సలహా ఇచ్చి, స్నానానికి వెళ్ళిపోయారు. లిఫ్టు తీగ తెగినా చలించని మనిషి. కూతురి ముందు మాత్రం కుక్కిన పేను.

చూడగానే తెలిసిపోవాలి! లోకంలో నలుగురికి మాత్రమే తెలిసిన ఒంటెను. ఆ నలుగురిలో ఒకరు కథ సగంలోనే గురక పెట్టే మనిషి.

*

పాత సోఫా కవర్లు ఒంటె రంగులోనే ఉన్నాయి. కొన్నప్పుడు వాటిని బంగారు రంగు అన్నాను, అది వేరే సంగతి. కొలతలు నేను తీసుకున్నాను, కుట్టడం మా అత్తగారి వంతు. ఆవిడ జీవితమంతా బడి పిల్లల యూనిఫారాలు కుట్టారు. ఆవిడ కుట్టు గట్టిదే, వంక పెట్టడానికి లేదు. కానీ ఎదురుగా నిలబడ్డ పిల్లకు ఎప్పుడూ కుట్టరు. మూడేళ్ళ తర్వాత ఆ పిల్ల ఎలా ఉంటుందో ఊహించి ఆ పిల్లకు కుడతారు. మా పెళ్ళికి మా ఆయనకు ఆవిడ కుట్టిన చొక్కా ఇప్పుడు చక్కగా సరిపోతోంది.

ఒంటె తొడుగు వేసి నిలబెడితే పిచ్చుక కనబడలేదు. కాళ్ళ దగ్గర గుడ్డ కుప్ప పడింది. పొట్ట దగ్గర ఇంకో పిల్ల పట్టేంత జాగా ఉంది.

"అత్తయ్యా, ఇది ఒక్క పూట వేసుకునేది. ఇందులో కూడా పెరుగుదలకు వదిలారా?"

"పెరిగే పిల్లకు బిగుతుగా కుడతారా అమ్మాయ్? వచ్చే ఏడు మళ్ళీ వేస్తే?"

"వచ్చే ఏడు ఒంటె అనదు, ఏనుగు అంటుంది."

"ఏనుగుకైతే ఇది తిన్నగా సరిపోతుంది" అన్నారు ఆవిడ, దారం పళ్ళతో తెంపుతూ.

ఆవిడ అటు తిరిగినప్పుడల్లా నేను ఒక మడత లోపలికి వేసి గుండుసూదులు గుచ్చాను. నేను అటు తిరిగినప్పుడల్లా ఆవిడ ఒకటి విప్పారు. ఇద్దరమూ ఏమీ ఎరగనట్టే ఉన్నాం. పన్నెండేళ్ళుగా మా కాపురం ఇలాగే సాఫీగా సాగుతోంది.

తల పని నాది. అట్టపెట్టె కోసి, స్పాంజి అతికించి, పైన గుడ్డ తొడిగాను. కనురెప్పలకు నల్ల దారం పెట్టాను. కింది పెదవి కాస్త వేలాడింది. మా అత్తగారు దాన్ని దూరంగా పట్టుకుని చూసి, "ఈ మూతి ఎక్కడో చూసినట్టుందే" అని, పక్కనే టీ తాగుతున్న కొడుకు వైపు చూసి, ఇంకేమీ అనలేదు.

మెడ మాత్రం మెకానిక్‌గారు తీసుకున్నారు. తీగలు పోయే వంగే గొట్టం ఒకటి తెచ్చారు. అడుగును పిచ్చుక పెట్టుకునే టోపీకి, పైకొసను ఒంటె తలకు బిగించారు. లోపల నుంచి తాడు వేశారు. లాగితే మెడ లేస్తుంది, వదిలితే వంగుతుంది. మొదటిసారి లాగినప్పుడు ఒంటెగారి తల ఒక్క ఊపున లేచి గోడ గడియారాన్ని గుద్దింది. గడియారం అక్కడితో ఆగింది.

"పని చేస్తోంది!" అన్నారు మా ఆయన.

"గడియారమా?" అన్నాను.

తర్వాత ఆయన ఏదో బిగించారు, ఏదో వదులు చేశారు. మెడ మెల్లగా, గౌరవంగా లేవడం నేర్చుకుంది. పిచ్చుక తాడు పట్టుకుని లాగి, పైన అలమర మీద ఏముందో చూస్తున్నట్టు తలెత్తి, "నాలుగో అంతస్తులో ఎవరూ లేరు" అని ప్రకటించింది. అంతలోనే ముఖం ముడుచుకుంది. "ఉన్నా ఏం లాభం. వాళ్ళకు నేనెవరో తెలియదు" అంది.

రెండో మూపురం దూది కూరిన దిండు. దాన్ని ప్రెస్ బటన్లతో వీపుకి తగిలించేట్టు పెట్టాం. "మూపురమంటే ఊడివచ్చేదా?" అని మా అత్తగారు ముక్కు మీద వేలేసుకున్నారు. మొత్తానికి ఒంటెగారు తయారయ్యారు. కుర్చీకి తగిలించి దూరం నుంచి చూశాను. బాగుంది. చాలా బాగుంది. తెలిసినవాళ్ళు చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. తెలియనివాళ్ళు చూస్తే టోపీ పెట్టుకున్న గాడిద.

అంటే లోపం వేషంలో లేదు, చూసేవాళ్ళలో ఉంది. కొలత సరిపోనప్పుడు గుడ్డను సరిచేస్తాం. ఈసారి జనాన్ని సరిచేద్దామనిపించింది.

*

బడి వదిలే వేళకు గేటు దగ్గర తల్లులం ఒక ఇరవై మందిమి నిలబడతాం. అందులో ఒకావిడకు నేను రేడియో అని పేరు పెట్టుకున్నాను. నోట్లో నువ్వుగింజ నానదు. ఇంకొకావిడకు ప్రపంచంలో ఏది చెప్పినా అది ముందే తెలుసు. నేను ఈ ఇద్దరి మధ్యా వెళ్ళి నిలబడ్డాను.

"కథల రోజుకి మీవాడు ఏం వేస్తున్నాడక్కా?" అన్నాను రేడియోతో.

"పులి. మరి మీ అమ్మాయి?"

"ఏముంది, అందరికీ తెలిసిన పాత్రే. లిఫ్టు ఒంటెగారు." ఒక్క క్షణం ఆగి, కాస్త జాలిగా, "మీ పిల్లలకు ఆ కథ చెప్పే ఉంటారుగా?" అన్నాను.

రేడియో కళ్ళు ఒకసారి అటూ ఇటూ తిరిగాయి. "అయ్యో, చెప్పకుండా ఎలా ఉంటాం! మావాడికి ఆ ఒంటె అంటే ప్రాణం."

"ఆ నీలం టోపీ..." అన్నాను నేను.

"అవునవును, టోపీ!"

"బరువెక్కువైతే రెండో మూపురం లేస్తుంది చూడండి, 'ఒక్కరు దిగండి, దయచేసి' అంటారు, ఆ ఘట్టం..."

"ఆ ఘట్టం దగ్గరే మావాడు పడీ పడీ నవ్వుతాడు!"

అన్నీ తెలిసినావిడ చేతిసంచీ భుజానికి సర్దుకుని, "ఇప్పటిదా ఆ కథ! మేం చిన్నప్పుడు మా తాతయ్య దగ్గర విన్నదే" అన్నారు.

మా ఆయన ఆ ఒంటెను పుట్టించి ఏడాది కూడా కాలేదు.

చుట్టూ ఉన్న తల్లుల్లో తెలియదన్నవాళ్ళు ఒక్కరూ లేరు. కొందరు తలూపారు, కొందరు నవ్వారు. ఒకావిడ మాత్రం నన్ను పక్కకు పిలిచి, "ఆ మూపురం సంగతి కాస్త గుర్తుచేయండి, మర్చిపోయాను" అంది. గుర్తుచేశాను. తర్వాతి రోజుల్లో ఇంకా చాలామందికి చాలా గుర్తుచేశాను.

ఇంట్లో చెబితే మా అత్తగారు కుట్టు మిషన్ మీద వాలి నవ్వారు. మా ఆయనే నొచ్చుకున్నారు.

"ఇది మోసం కదూ?"

"మోసమేమిటండీ? పుస్తకంలో లేదని లాయరు అంది. అందుకని నేను ప్రచురణ మొదలుపెట్టాను."

ప్రచురణ అనుకున్నదాని కంటే జోరుగా సాగింది. తెలుసని ఒప్పుకున్న తల్లులందరూ ఇళ్ళకు వెళ్ళి పిల్లలకు చెప్పక తప్పలేదు. నేను ఇచ్చింది పిడికెడు. మిగతాది ఎవరికి వాళ్ళు కలుపుకున్నారు. పిచ్చుక రోజుకొక వార్త మోసుకొచ్చేది. ఒకరింట్లో ఒంటెగారికి ఐదో అంతస్తు అంటే భయమట. ఇంకొకరింట్లో ఆయన హోంవర్కు చెయ్యని పిల్లల్ని లిఫ్టు ఎక్కనివ్వరట. ఒకరోజైతే ఒంటెగారికి పెళ్ళయిందని తెలిసింది. భార్య పక్క భవనంలో ఎస్కలేటరు దగ్గర పని చేస్తుందట.

మా ఆయన ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయారు. "నాకు చెప్పకుండా నా ఒంటెకు పెళ్ళెవరు చేశారు?"

"పెళ్ళికి పిలుపు లేదా ఒరేయ్?" అన్నారు మా అత్తగారు. "పిల్ల మంచిదేనా?"

"ఎస్కలేటరు వాళ్ళంటేనే నాకు పడదు" అన్నారు ఆయన. నిజంగానే ఆ రోజు సరిగ్గా తినలేదు.

నేను లోలోపల మురిసిపోయాను. ఇక లాయరు ఏం చేస్తుందో చూద్దామనుకున్నాను. కథల రోజుకి ముందు రోజు లాయరు ఏం చేసిందో తెలిసింది.

పిచ్చుక ఈసారి గుమ్మంలో కూడా కూర్చోలేదు. తిన్నగా లోపలికి వచ్చి, కుర్చీకి తగిలించిన ఒంటెను చూసి, అటు తిరిగి గోడకేసి నిలబడింది.

"నేను రేపు వెళ్ళను."

"ఏమైంది తల్లీ?"

"లాయరు అందరినీ పిలిచి అడిగింది. ఒక్కొక్కళ్ళనీ విడివిడిగా. ఒకళ్ళు పెళ్ళయింది అన్నారు. ఒకళ్ళు కాలేదన్నారు. ఒకళ్ళు మూపురాలు మూడు అన్నారు. నిజమైతే అందరూ ఒకటే చెబుతారు, వేరేవేరుగా చెబుతున్నారంటే అందరిదీ అబద్ధమే అంది." ఏడుపు గొంతులోకి వచ్చింది. "అప్పుడు నాన్న ఒక్కరే అన్నది. ఇప్పుడు అందరూ అంది."

ఆ పిల్ల చెప్పిందాంట్లో తప్పేముంది? సాక్షులను నేనే సమకూర్చాను, వాళ్ళు నేను చెప్పింది చెప్పలేదు. చదువుకున్నదాన్ని, ఆ మాత్రం ముందుగా తట్టలేదు. చేతిలో ఉన్న మెడపట్టీకి గంట కుడుతున్నదాన్ని, సూది దానికే గుచ్చి పక్కన పెట్టేశాను.

మా ఆయన అప్పుడే పని నుంచి వచ్చారు. అంతా విన్నారు. ఈసారి స్నానానికి వెళ్ళలేదు. పనిబట్టలతోనే నేల మీద, గుడ్డపేలికల మధ్య కూర్చున్నారు.

"పిచ్చుకా, ఇలా రా. లాయరు చెప్పింది ఒకటి నిజమే. ఒంటెగారు పుస్తకంలో లేరు. ఏ భవనంలోనూ లేరు."

పిచ్చుక గోడకేసే ఉంది. "మరి?"

"నేను చేశాను."

మా అత్తగారు మిషన్ చక్రం మీద చెయ్యి వేసి ఆపారు. ఉన్న ఒక్క ఒంటెనూ ఈయన చంపేశారు అనుకున్నాను నేను.

పిచ్చుక మెల్లగా ఇటు తిరిగింది. "ఎలా చేశావు?"

"ఏముంది... పని నుంచి వచ్చేటప్పుడు దారిలో కొంచెం. నీ పక్కన పడుకున్నాక కొంచెం. ముందు టోపీ చేశాను. తర్వాత మెడ."

"అమ్మ చేసినట్టా?"

"అలాగే."

"నానమ్మ డ్రెస్సు కుట్టినట్టా?"

"అలాగే. కాకపోతే కొలత సరిపోయేట్టు."

"ఒరేయ్!" అన్నారు మా అత్తగారు.

పిచ్చుక వెళ్ళి కుర్చీ మీది ఒంటె తొడుగును పట్టుకుని చూసింది. లోపలివైపు తిప్పింది. లోపల సోఫా కవరు పువ్వులు, నా గుండుసూదులు, ఆవిడ విప్పిన కుట్లు, అన్నీ ఉన్నాయి.

"ఈ డ్రెస్సు అబద్ధం కాదుగా నానమ్మా?"

"నేను కుట్టింది అబద్ధమన్నవాళ్ళను నా ఎదుటికి రమ్మను" అన్నారు మా అత్తగారు.

"మరి నాన్న చేసింది కూడా కాదు" అంది పిచ్చుక. తనలో తను లెక్క సరిచూసుకుంటున్నట్టు తలాడించింది. ఆ తర్వాత ఇంకో సందేహం వచ్చింది. "మరి వాళ్ళందరికీ ఎవరు చెప్పారు?"

తల్లీకొడుకులిద్దరూ నా వైపు చూశారు. రాత పరీక్షలో పక్కవాడు పట్టుబడినప్పుడు చూసే చూపు.

"నేనే చెప్పాను" అన్నాను.

"ఒంటెగారి పెళ్ళి కూడా నువ్వే చేశావా?"

"పెళ్ళితో నాకేం సంబంధం లేదు! అది వాళ్ళు చేసుకున్నారు."

"వాళ్ళకు చెయ్యడం రాదు" అంది పిచ్చుక చిరాగ్గా. "ఎస్కలేటరు దగ్గర ఉద్యోగమేంటి, అది దానంతటదే తిరుగుతుంది కదా."

మా ఆయన లేచి, చాలా రోజులకు, హుషారుగా స్నానానికి వెళ్ళారు.

*

కథల రోజు నాడు హాలు నిండా రెక్కలు, కిరీటాలు, తోకలు. పిల్లలు ముందు వరసల్లో, తల్లులం వెనక. లాయరు కప్ప వేషం వేసింది. కొట్లో కొన్న కప్ప. పాఠ్యపుస్తకంలోది. ఎవరైనా అడిగితే పేజీ కూడా చెప్పేట్టు కూర్చుంది.

రేడియో వాళ్ళ పులి వచ్చింది, అందరూ "పులి!" అని అరిచారు. రెక్కల పిల్ల ఎగరలేదు గానీ మెరిసింది. ఆ తర్వాత మా పిచ్చుక వేదిక ఎక్కింది. పొద్దున్న బయల్దేరేముందు మా అత్తగారు చివరి గుండుసూది కూడా తీసేసినట్టున్నారు. ఒంటెగారు ఎక్కుతుంటే పొట్ట ఒక మెట్టు వెనకగా వచ్చింది.

"ఎవరొచ్చారు పిల్లలూ?" అంది టీచరు.

ఎవరో ఒకరు "గాడిద" అన్నారు. వెనక నుంచి "జిరాఫీ" అన్నారు. లాయరు తల ఊపడం కనిపించింది. నేను దగ్గుదామనుకున్నాను. దగ్గితే ఏం లాభం, ఇది దగ్గుతో చెప్పగలిగే కథ కాదు.

పిచ్చుక తాడు లాగింది. మెడ లేవడం మొదలుపెట్టింది, మెల్లగా, గౌరవంగా. గంట మోగింది. తల పైకి వెళ్ళి వేదిక తెరకు కట్టిన రంగుకాగితాల తోరణం దాకా చేరింది. ఇంకొంచెం లాగింది. ఆ లాగడంలో వెనక గుడ్డ బిగిసి, ప్రెస్ బటన్లు పటపటా విడిపోయి, రెండో మూపురం ఊడి, దొర్లుకుంటూ వెళ్ళి ముందు వరసలో పడింది.

నా పక్కనున్న మా అత్తగారు "నేను చెప్పలా" అని గొణిగారు.

ముందు వరసలో ఒక పిల్లాడు, పళ్ళు ఊడిన పిల్లాడు, తన ఒళ్ళో పడ్డ దూది దిండును చూసి, పైకి చూసి, ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు.

"ఒకరు దిగారు!"

అంతే. "లిఫ్టు ఒంటెగారు!" అని ఒకరు, "ఒక్కరు దిగండి, దయచేసి!" అని ఇంకొకరు, హాలు హాలంతా ఎత్తుకున్నారు. "భార్య ఏది?" అని ఎవరో అడిగారు. "ఐదో అంతస్తుకి వెళ్ళకండి!" అని ఎవరో హెచ్చరించారు. టీచరు ముఖంలో కాస్త తడబాటు కనబడింది. వెంటనే సర్దుకుని, "అవును, మనందరికీ తెలిసిన ఒంటెగారే కదా!" అంది. నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది.

అప్పుడు ఒక పచ్చటి కప్పచెయ్యి పైకి లేచింది.

"టీచర్, ఇది ఏ పుస్తకంలోది?"

టీచరు చేతిలోని కాగితాలు తిరగేసింది. వేదిక మీద పిచ్చుక తాడు వదిలింది, ఒంటెగారి మెడ కిందికి వంగింది. దాని కింద పిచ్చుక ముఖం ఎర్రగా, చెమటతో కనిపించింది.

"పుస్తకంలోది కాదు" అంది గట్టిగా. "ఒంటెగారిని మా నాన్న చేశారు. డ్రెస్సు మా అమ్మ, నానమ్మ చేశారు. పెళ్ళి మాత్రం మేము చెయ్యలేదు. నా మూపురం ఇటివ్వండి."

పిల్లలు చప్పట్లు కొట్టారు. పళ్ళు ఊడిన పిల్లాడు మూపురాన్ని రెండు చేతులా మోసుకెళ్ళి ఇచ్చాడు. వెనక మాత్రం తల్లుల వరసంతా నా వైపు తిరిగింది. రేడియో నోరు మొదటిసారి మాట లేకుండా తెరుచుకుని ఉంది. చిన్నప్పుడు తాతయ్య దగ్గర విన్నావిడ చేతిసంచీలో ఏదో చాలా లోతుగా వెతుక్కుంటోంది. నేను తోరణం వైపు చూస్తూ నిలబడ్డాను. రంగులు బాగా కుదిరాయి.

అయిపోయాక బడి మెట్ల మీద కూర్చున్నాం. మా ఆయన బండి తేవడానికి వెళ్ళారు. మా అత్తగారు ఒంటె పొట్టలో చేతులు పెట్టి, వచ్చే ఏడుకి ఏనుగు తొండం ఎక్కడ అతకాలో చూస్తున్నారు. కప్ప ఒకటి మెట్లెక్కి వచ్చి మా ముందు ఆగింది. లాయరు కప్ప తలను వెనక్కి తోసేసింది, జుట్టంతా అంటుకుపోయి ఉంది.

"పెళ్ళి కాలేదా అయితే?" అంది పిచ్చుకతో.

"కాలేదు."

"మూపురాలు మూడు కావా?"

"రెండే. రెండోది బరువెక్కువైతేనే."

లాయరు కాసేపు ఆలోచించింది. "లిఫ్టు ఆపేశాక ఒంటెగారు ఎక్కడికి వెళ్తారు?"

పిచ్చుక నా వైపు చూసింది. నేను భుజాలెగరేశాను. ఇక ఈ ప్రచురణలో నేను లేను.

"అది నాన్న ఇంకా చెయ్యలేదు" అంది పిచ్చుక.

లాయరు పక్క మెట్టు మీద కూర్చుంది. కప్ప చేతుల్ని ఒకదాని తర్వాత ఒకటి ఊడదీసి ఒళ్ళో పెట్టుకుంది. గొంతు తగ్గించి అడిగింది.

"నేను చెయ్యనా?"

పిచ్చుక ఒంటెగారి టోపీ సర్దుతూ చాలాసేపు ఆలోచించింది. "చెయ్యి. పెళ్ళి మాత్రం పెట్టకు."

"పెట్టను. ఒకరోజు లిఫ్టు ఆపేశాక ఒంటెగారు—"

"ఒకరోజు కాదు, రోజూ ఆపేస్తారు" అంది పిచ్చుక.

"నేను చేస్తున్నాను కదా, నువ్వాగు" అంది లాయరు.

పిచ్చుక ఆగింది. దాన్ని ఒక్క మాటతో ఆపగలిగిన మనిషిని నేను అంతవరకూ చూడలేదు.